ఎక్సలేటర్ తొక్కినా బండి లాగడం లేదా? కారణం తెలుసుకోండి, చేయని తప్పు నెత్తినేసుకోకండి

కువైట్‌లో ఇళ్ళల్లో డ్రైవర్లుగా పనిచేసే మన వాళ్ళకి తరచుగా వచ్చే నింద ఒకటుంది: "బండి బాగానే ఉండేది, నువ్వొచ్చాకే పాడైంది." కడప, రాయచోటి, రాజంపేట, కోనసీమ వైపు నుంచి వచ్చిన డ్రైవర్లలో చాలామంది చేతికి కొత్త బండి రాదు. కఫీల్ పిల్లల్ని స్కూలుకి దింపడానికో, ఇంటి సామాను తేవడానికో పెట్టిన పదిహేనేళ్ళ, ఇరవై ఏళ్ళ పాత బండి వస్తుంది. అది రింగు రోడ్డు మీద సరిగ్గా వేగం అందుకోవాల్సిన చోట ముక్కుతుంది, జర్కులు కొడుతుంది. కరాజ్ బిల్లు వచ్చేసరికి మాట డ్రైవర్ మీదకి, ఆ తర్వాత డ్రైవర్ జీతం మీదకి వస్తుంది.

ఈ రోగానికి అసలు కారణాలు ఏమిటి, డ్రైవర్‌గా మీరు ఏం చూడొచ్చు, ఏం ముట్టుకోకూడదు, కఫీల్‌కి ఎలా చెప్పాలి, చట్టం ఏమంటోంది అన్నవి ఇక్కడ వరుసగా చెబుతున్నాం. కంపెనీలో హాఫ్‌లారీ, పికప్ నడిపేవాళ్ళకీ ఇందులో చాలా భాగం పనికొస్తుంది. ఇంజన్ గురించి చెప్పేది మాత్రం పెట్రోల్ బండ్లకి. డీజిల్ బండికి ప్లగ్గులతో నిప్పు పెట్టే పద్ధతి ఉండదు. అక్కడ ముందుగా డీజిల్ ఫిల్టర్, అందులో చేరిన నీళ్ళు, ఎయిర్ ఫిల్టర్ చూడాలి.

ముందు రోగాన్ని సరిగ్గా చెప్పాలి

"బండి బాగాలేదు" అంటే మెకానిక్‌కి ఏమీ అర్థం కాదు. అప్పుడు అతను అంచనా మీద ఒక్కో పార్టూ మారుస్తూ పోతాడు. డబ్బులు పోతాయి, రోగం పోదు. చివరికి "డ్రైవర్ నడపడం బాగాలేదు" అంటాడు. అందుకే మీ బండి ఈ నాలుగింటిలో ఏం చేస్తోందో గమనించండి.

ఒకటి: ఎక్సలేటర్ తొక్కగానే ఒక క్షణం చచ్చుపడి, తర్వాత ఒక్కసారిగా లేస్తుంది.

రెండు: లాగుతున్నంతసేపూ టక్ టక్‌మని జర్కులు కొడుతుంది. మన మెకానిక్‌లు మిస్సింగ్ అనేది దీన్నే.

మూడు: జర్కులేమీ ఉండవు, కానీ ఎంత తొక్కినా ఒక స్పీడు దాటి వెళ్ళదు. గొంతు పట్టుకున్నట్టు ఉంటుంది.

నాలుగు: ఇంజన్ శబ్దం పెరుగుతుంది, ఆర్‌పీఎం ముల్లు పైకి పోతుంది, స్పీడు మాత్రం పెరగదు. ఇది ఇంజన్ జబ్బు కాదు, గేర్‌బాక్స్ స్లిప్ అవుతోంది. దీనికి ప్లగ్గులు మార్చినా, ఫిల్టర్ మార్చినా లాభం లేదు. ఈ ఒక్క తేడా తెలిసినా చాలా డబ్బు మిగులుతుంది.

దాంతోపాటు ఎప్పుడు వస్తోందో కూడా చూడండి. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడా, ఇంజన్ వేడెక్కాకా? ఏసీ వేస్తేనేనా? పెట్రోలు ముల్లు కిందకి దిగినప్పుడేనా? ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడా? "ఎప్పుడు" అన్న ప్రశ్నకి జవాబు దొరికితే సగం రోగం దొరికినట్టే.

తొక్కినప్పుడే ఎందుకు తెలుస్తుంది?

ఇంజన్‌కి కావాల్సినవి మూడు: గాలి, పెట్రోలు, నిప్పు. ఈ మూడూ సరైన పాళ్ళలో, సరైన సమయానికి కలవాలి. బరువు లెక్కన 1 కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. సిగ్నల్ దగ్గర బండి ఊరికే ఆడుతున్నప్పుడు ఇంజన్‌కి మూడూ కొంచెం కొంచెమే సరిపోతాయి. ఎక్సలేటర్ తొక్కగానే మూడూ ఒక్కసారిగా ఎక్కువ కావాలి. ఏ ఒక్కటి నీరసంగా ఉన్నా అప్పుడే బయటపడుతుంది. కూర్చున్న మనిషికి ఆయాసం తెలియదు, మెట్లెక్కితే తెలుస్తుంది కదా, ఇదీ అంతే.

కాబట్టి ఎక్సలేటర్ తొక్కినందువల్ల బండి పాడవలేదు. పాడైన సంగతి తొక్కినప్పుడు బయటపడింది. కఫీల్‌కి అర్థమయ్యేలా చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

గాలి: కువైట్ దుమ్ము చేసే పని

కువైట్‌లో ఇంజన్‌కి పెద్ద శత్రువు దుమ్ము. ఒక్క దుమ్ము తుఫాను వచ్చి వెళ్తే ఎయిర్ ఫిల్టర్ మడతల్లో ఇసుక పొడి నిండిపోతుంది. గాలి ఆడక ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. పైన చెప్పిన మూడో రకానికి ఇది మామూలు కారణం. చాలా బండ్లలో ఫిల్టర్ డబ్బాకి నాలుగు క్లిప్పులే ఉంటాయి. ఇంజన్ ఆపి, చల్లారాక, క్లిప్పులు తీసి ఫిల్టర్‌ని వెలుతురుకి ఎత్తి పట్టండి. వెలుతురు అవతల నుంచి కనిపించకపోతే దాని పని అయిపోయినట్టే. ఫిల్టర్ తీసేసి బండి నడపకండి, ఇసుక నేరుగా ఇంజన్‌లోకి పోయి లోపల గీకేస్తుంది.

ఫిల్టర్ తర్వాత గాలిని కొలిచే సెన్సర్ ఉంటుంది. ఎంత గాలి వస్తోందో ఇది కంప్యూటర్‌కి చెబుతుంది, కంప్యూటర్ దాన్ని బట్టి పెట్రోలు కొడుతుంది. సెన్సర్ మీద దుమ్ము పేరుకుంటే లెక్క తప్పుతుంది, బండి తొక్కగానే తడబడుతుంది. దీన్ని దీని కోసమే అమ్మే స్ప్రేతో శుభ్రం చేయాలి. గుడ్డతో తుడిస్తే లోపలి సన్నని తీగ తెగిపోతుంది. ఆ పని మెకానిక్‌కి వదిలేయండి.

ఇక వేడి. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ దీన్ని గుర్తించింది. అలాంటి ఎండల్లో బానెట్ కింద రబ్బరు హోస్ పైపులు ఎండిపోయి పగుళ్ళిస్తాయి. ఆ పగుళ్ళలోంచి లెక్కలోకి రాని గాలి ఇంజన్‌లోకి దూరుతుంది. బండి ఆడుతున్నప్పుడు "స్‌స్" అని సన్నని శబ్దం వినిపిస్తే, సిగ్నల్ దగ్గర ఆర్‌పీఎం పైకీ కిందకీ ఊగుతుంటే హోస్ పైపుల మీద అనుమానం పెట్టుకోండి. ఇది కొత్త పైపుతో పోయే జబ్బు, పెద్ద ఖర్చు కాదు.

మరొకటి కూడా ఉంది. వేడిగాలి పలచగా ఉంటుంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 50 డిగ్రీల గాలిలో అదే జాగాలో దాదాపు పదో వంతు తక్కువ గాలి ఉంటుంది. దానికి తోడు ఏసీ ఫుల్‌గా ఉంటే కొంత బలం అక్కడికి పోతుంది. అందుకే జూలై మధ్యాహ్నం పాత బండి కాస్త మందంగా ఉండటం సహజం. ఏసీ ఆపితే కాస్త తేలికపడటం కూడా మామూలే. జర్కులు కొట్టడం మాత్రం సహజం కాదు.

పెట్రోలు: పంపు, ఫిల్టర్, ముల్లు

చాలా బండ్లలో పెట్రోల్ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. కువైట్‌లో దీన్ని తరంబా అంటారు. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది. ఎప్పుడూ 1 దీనారు, 2 దీనార్లకి కొట్టిస్తూ ముల్లు ఎర్రగీత మీదే నడిపితే పంపు వేడెక్కి త్వరగా నీరసపడుతుంది. ట్యాంకు కనీసం పావు వంతు ఉండేలా చూడమని కఫీల్‌ని అడగండి. అడిగినట్టు మెసేజ్ కూడా ఉంచుకోండి.

పంపు నీరసపడినా, పెట్రోల్ ఫిల్టర్ మూసుకుపోయినా బండి మెల్లగా బాగానే పోతుంది. గట్టిగా తొక్కితే, ఫ్లైఓవర్ ఎక్కితే చాలు, పెట్రోలు చాలక ముక్కుతుంది. ఎక్కువసేపు ఎండలో నడిపాక ముదిరి, కాసేపు ఆపాక బాగైతే పంపు మీద అనుమానం ఇంకా బలపడుతుంది. గేజి పెట్టి పెట్రోల్ ప్రెషర్ చూస్తే మెకానిక్‌కి నిమిషాల్లో తెలిసిపోతుంది. ప్రెషర్ చూడకుండా పంపు మార్చమంటే "ముందు ప్రెషర్ చూడు" అనండి.

పెట్రోల్ రకం గురించి కూడా ఒక మాట. ఇక్కడి బంకుల్లో 91, 95, 98 అని మూడు రకాలు ఉంటాయి. ఏది కొట్టాలో పెట్రోల్ మూత లోపలి వైపో, బండి పుస్తకంలోనో రాసి ఉంటుంది. 95 కావాల్సిన ఇంజన్‌లో 91 కొడితే లోపల టకటకమని నాకింగ్ వస్తుంది. కంప్యూటర్ ఇంజన్‌ని కాపాడటానికి బలం తగ్గిస్తుంది, బండి మందగిస్తుంది. 91 చాలు అని రాసిన బండికి 98 కొట్టినంత మాత్రాన జబ్బు పోదు. కఫీల్ ఏ రకం కొట్టమన్నారో గుర్తుంచుకోండి, రసీదులు పారేయకండి.

నిప్పు: ప్లగ్గులు, కాయిల్స్

టక్ టక్‌మని జర్కులు కొట్టే రెండో రకానికి ఎక్కువగా కారణం ఇదే. ప్లగ్గు మొన అరిగిపోతే నిప్పురవ్వ నీరసపడుతుంది. మామూలు ప్లగ్గులు 30 నుంచి 40 వేల కిలోమీటర్లు వస్తాయి. ఇరిడియం ప్లగ్గులు 1 లక్ష కిలోమీటర్ల దాకా వస్తాయి. కిందటిసారి ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియని పాత బండి అయితే ముందు వాటిని చూడాల్సిందే.

తీసిన ప్లగ్గుని మీరూ చూడండి, అదే కథ చెబుతుంది. లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. తెల్లగా సున్నంలా ఉంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. నూనెతో తడిగా ఉంటే ఇంజన్ లోపల అరుగుదల ఉంది. అది ఏళ్ళ తరబడి వచ్చింది, మీరు చేరిన మూడు నెలల్లో వచ్చింది కాదు.

కాయిల్ పోయిందో లేదో తేల్చడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. కంప్యూటర్ పెట్టినప్పుడు మొదటి సిలిండర్‌లో మిస్సింగ్ అని వస్తే, మెకానిక్ ఆ కాయిల్‌ని మూడో సిలిండర్‌కి మార్చి పెడతాడు. ఇప్పుడు మిస్సింగ్ మూడో దానికి మారితే పోయింది కాయిలే. మొదటి దాంట్లోనే ఉండిపోతే కాయిల్ మంచిదే, ప్లగ్గో ఇంజెక్టరో చూడాలి. ఒక్క పైసా పార్టు కొనకుండానే సంగతి తేలిపోతుంది. ఇంజన్ ఆడుతుండగా మీరు మాత్రం ప్లగ్ వైర్లు, కాయిల్స్ పీకకండి. వేల వోల్టుల షాకు కొడుతుంది.

సైలెన్సర్‌లో జాలీ

పొగని శుభ్రం చేయడానికి సైలెన్సర్ పైపులో తేనెపట్టు లాంటి జాలీ ఉంటుంది. మిస్సింగ్ ఉన్నా చాలాకాలం అలాగే నడిపితే కాలని పెట్రోలు అక్కడికి వెళ్ళి కాలి జాలీ కరిగి మూసుకుపోతుంది. పొగ బయటికి పోకపోతే కొత్త గాలి లోపలికి రాదు. బండి రోజురోజుకీ బరువెక్కుతుంది, కింద నుంచి వేడి కొడుతుంది, కుళ్ళిన గుడ్ల వాసన రావచ్చు. చిన్న ప్లగ్గు ఖర్చుని వాయిదా వేస్తే పెద్ద ఖర్చు అయ్యేది ఇలాగే. అందుకే మొదటి జర్కు రోజే కఫీల్‌కి చెప్పాలి.

ఇంజన్ లైటు, కంప్యూటర్ చెకింగ్

డాష్‌బోర్డు మీద పసుపు ఇంజన్ లైటు వెలిగి అలాగే ఉంటే, వీలైనంత త్వరగా చూపించాలని అర్థం. అదే లైటు కొట్టుకుంటూ ఉంటే మిస్సింగ్ తీవ్రంగా ఉందని అర్థం. అప్పుడు స్పీడు తగ్గించి, దగ్గర్లో క్షేమమైన చోట ఆపి కఫీల్‌కి ఫోన్ చేయండి. రెండు సందర్భాల్లోనూ ఫోటో గానీ వీడియో గానీ తీసుకోండి. నడుపుతూ తీయకండి, ఆపాకే.

1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లకి ఓబీడీ-2 అనే చెకింగ్ పద్ధతి తప్పనిసరి అయింది. ఆ తర్వాతి బండ్లలో చాలావాటికి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో యంత్రం పెడితే కోడ్ వస్తుంది. పీ0300 అంటే అక్కడా ఇక్కడా మిస్సింగ్. పీ0301 అంటే మొదటి సిలిండర్‌లో మిస్సింగ్. పీ0171 అంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదు. పీ0420 అంటే సైలెన్సర్ జాలీ సరిగ్గా పనిచేయడం లేదు. కోడ్ చెప్పేది ఎక్కడ వెతకాలో మాత్రమే, ఏ పార్టు మార్చాలో కాదు. పీ0171కి పగిలిన హోస్ పైపు కారణం కావచ్చు, పంపు కావచ్చు, మురికి సెన్సర్ కావచ్చు. కోడ్ ఉన్న స్క్రీన్‌ని ఫోటో తీసి ఉంచుకోండి.

షువైఖ్ కరాజ్‌లకి వెళ్ళినా, ఇంకెక్కడికి వెళ్ళినా వరుస ఒకటే: ముందు కోడ్, తర్వాత ఎయిర్ ఫిల్టర్, హోస్ పైపులు, తర్వాత ప్లగ్గులు, కాయిల్స్, ఆపైన పెట్రోల్ ప్రెషర్, అన్నిటికంటే చివర జాలీ. తక్కువ ఖర్చు నుంచి ఎక్కువ ఖర్చుకి వెళ్ళాలి. తీసేసిన పాత పార్టు అడిగి తీసుకుని కఫీల్‌కి చూపించండి. బిల్లు కఫీల్ పేరు మీద గానీ బండి నంబరు మీద గానీ రాయించండి, మీ పేరు మీద వద్దు.

రోడ్డు మీద ప్రాణం ముందు

రింగు రోడ్లలో 100, 120లో వచ్చే బండ్ల మధ్యకి చేరేటప్పుడు మీ బండి ఒక్క క్షణం చచ్చుపడితే చాలు, వెనక నుంచి గుద్దుతారు. జబ్బు తగ్గేదాకా కుడి లేన్‌లోనే ఉండండి, పెద్ద ఖాళీ దొరికితేనే రోడ్డెక్కండి. బండి ఆగిపోతే నాలుగు లైట్లూ వేసి, పిల్లల్ని రోడ్డుకి అవతలి వైపు దింపి, రెయిలింగు వెనక నిలబెట్టండి. ప్రమాదం అయితే 112కి ఫోన్ చేయండి. పొగలు కక్కుతున్న ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయకండి.

చట్టం ఏమంటోంది

ఇంటి పనివాళ్ళ కోసం కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది. 20 నంబరు వీసా మీద ఉన్న ఇంటి డ్రైవర్‌కి అది వర్తిస్తుంది. వంటమనిషికీ, పిల్లల్ని చూసుకునే అక్కలకీ ఎన్ని హక్కులున్నాయో మీకూ అన్నే ఉన్నాయి. మాట్లాడుకున్న జీతం నెలనెలా ఇవ్వాలి. ఆ జీతంలోంచి ఏ భాగమూ కోయకూడదు. రోజుకి 12 గంటలకి మించి పని ఉండకూడదు, మధ్యలో విశ్రాంతి ఉండాలి. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు ఉంటాయి. మీ ఇష్టం లేకుండా పాస్‌పోర్టు ఉంచుకోకూడదు.

అంటే అరిగిన ప్లగ్గుల ఖర్చు, నీరసపడిన పంపు ఖర్చు మీ జీతంలోంచి పట్టుకోవడానికి వీల్లేదు. బండి వాళ్ళది, దాని అరుగుదల కూడా వాళ్ళదే.

18 నంబరు వీసా మీద కంపెనీలో నడిపేవాళ్ళకి 2010 నాటి 6వ నంబరు చట్టం వర్తిస్తుంది. మీ మీద తప్పు మోపి శిక్ష వేయాలంటే, ముందు అది రాతపూర్వకంగా మీకు చెప్పాలి, మీ మాట వినాలి, అది రాసుకోవాలి. శిక్షగా జీతం కోసినా నెలకి 5 రోజుల జీతం మించకూడదు. "ఇంజన్ పాడు చేశావు" అని నెల జీతం ఆపేస్తే అది చట్టం ఒప్పుకునే పని కాదు.

మరి మీరు చేయాల్సినవి ఏమిటి? బండి చేతికి ఇచ్చిన రోజే కిలోమీటర్లు, డాష్‌బోర్డు లైట్లు, టైర్లు, గీతలు వీడియో తీసి కఫీల్‌కి పంపండి. జబ్బు మొదలైన రోజే మెసేజ్ పెట్టండి. మాట్లాడేటప్పుడు ఈ నాలుగు ముక్కలు చాలు: "బాబా, సయ్యారా మా తిస్‌హబ్. లంబా మకీనా ఫీ. లాజిమ్ కరాజ్." బండి లాగడం లేదు, ఇంజన్ లైటు ఉంది, కరాజ్‌కి తీసుకెళ్ళాలి అని దీని అర్థం. తర్వాత తారీఖు, టైము, కిలోమీటర్లు, ఎప్పుడు ముక్కుతోందో ఒక వాయిస్ మెసేజ్‌లో చెప్పండి, లైటు ఫోటో జత చేయండి. "తర్వాత చూద్దాం" అని జవాబొస్తే దాన్ని తుడిచేయకండి. మీకు రక్ష అదే.

చదవడం రాని అరబీ కాగితం మీద సంతకం పెట్టకండి. మీ జేబులోంచి రిపేరు చేయించకండి. ఒకసారి చేయిస్తే తప్పు మీదేనని ఒప్పుకున్నట్టు చూస్తారు, రెండోసారి కూడా మీ దగ్గరికే వస్తుంది. కోపంతో ఇల్లు వదిలి వెళ్ళిపోకండి. పరారీ కేసు పెడితే మీ న్యాయమైన ఫిర్యాదు కూడా బలహీనపడుతుంది. జీతం కోస్తే ఇంటి పనివాళ్ళు మానవ వనరుల అథారిటీలోని ఇంటి పనివాళ్ళ విభాగంలో, కంపెనీ వాళ్ళు అదే అథారిటీలోని లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయొచ్చు. భారత రాయబార కార్యాలయంలోని లేబర్ విభాగంలోనూ సాయం అడగొచ్చు. వెళ్ళేటప్పుడు సివిల్ ఐడీ కాపీ, కాంట్రాక్టు, జీతం పడ్డ బ్యాంకు వివరాలు, పైన చెప్పిన మెసేజ్‌లు, ఫోటోలు పట్టుకెళ్ళండి.

మెకానిక్‌ని అయినా, ఆఫీసర్‌ని అయినా ఒప్పించేవి వివరాలే. "నా తప్పు కాదు సార్" అని పదిసార్లు చెప్పినదానికంటే, "మే 3న, 2 లక్షల 40 వేల కిలోమీటర్ల దగ్గర, ఇంజన్ వేడెక్కాక, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మొదలైంది, ఆ రోజే చెప్పాను, ఇదిగో మెసేజ్" అన్న ఒక్క మాటకి బలం ఎక్కువ. మీ రూంలో కొత్తగా బండి ఎక్కిన తమ్ముళ్ళు ఉంటే ఇది చదివి వినిపించండి. ముఖ్యంగా మొదటి రోజు వీడియో సంగతి మర్చిపోకుండా చెప్పండి.